తెర తెల్లబడ్డాక

లైబ్రరీలో పుస్తకాలు తిరిగిచ్చి వస్తుంటే తలుపు పక్క గోడమీద ఆవిడ కనబడింది. ఇసుకలో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రంలోకి చూస్తోంది. తలకు కట్టుకున్న గుడ్డ కొస గాలికి లేచి ఉంది. కాళ్ళ దగ్గర ఖాళీ బుట్ట. ఆ బుట్ట చూశాక నాకిక అనుమానం లేదు. బడికెళ్ళే వయసులో ఒకే ఒక్కసారి చూసిన మనిషి. మళ్ళీ చూస్తాననుకోలేదు.

బొమ్మ కింద నాలుగు ముక్కలు రాశారు. బెల్జియంలో ఫ్లాండర్స్ అనే చోట, సినిమా ఇంకా మాటలు నేర్వని రోజుల్లో, ఫ్లెమిష్ అనే అక్కడి జాతికి చెందిన ఒక దర్శకుడు తీసిన చిత్రం. పోయిందనుకున్నారు. ఈమధ్య ఆ సినిమా తీసిన ఊళ్ళోనే ఎవరింటి అటకమీదో చివరిదాకా ఉన్న ప్రతి దొరికింది. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ వేస్తున్నారు. చివరిదాకా అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మకు ఎనభై దాటాయి. చూపు నడిమధ్యలో మసక కమ్మేసింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి కానీ ముఖం కనబడదంటుంది. పోల్చుకోలేకపోతే ఆవిడ లెక్కలో ఆ తప్పు ఎదుటివాళ్ళదే.

“అమ్మా, మన లైబ్రరీలో అన్నయ్యగారి సినిమా వేస్తున్నారు.”

టీవీ కట్టెయ్యమంది.

“ఆఖరి రీలు కూడా ఉందిటా?”

“ఉందిట.”

“అయితే నన్ను తీసుకెళ్ళు. నువ్వు పక్కన కూర్చుని చెబుదువుగాని.”

అన్నయ్యగారంటే మాకు చుట్టం కాదు. మా కింది వాటాలో ఉండిన ముసలి ఫ్లెమిష్ ఆయన. మా నాయనమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచింది కాబట్టి అమ్మకీ అన్నయ్యగారే, నాన్నకీ అన్నయ్యగారే, నాకూ అన్నయ్యగారే. వరసల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకైతే అసలే పట్టలేదు.

అమెరికాలోని ఈ ఎడిసన్‌ ఊళ్ళో ఇవాళ కరివేపాకు కావాలంటే చెప్పులేసుకుని వెళ్ళి తెచ్చుకోవచ్చు. మా చిన్నప్పుడు కరివేపాకు ఉత్తరాల్లో వచ్చేది, ఎండి నల్లబడి. పచ్చి మామిడికాయలు లేక అమ్మావాళ్ళు పుల్లటి ఆకుపచ్చ యాపిల్ కాయలతో ఆవకాయ పెట్టేవాళ్ళు. అది ఆవకాయ కాదని అందరికీ తెలుసు, అయినా ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. మా అపార్ట్‌మెంట్ల వరసలో నాలుగైదు తెలుగు కుటుంబాలుండేవి. నాన్నలందరూ ఆస్పత్రుల్లో డాక్టర్లు, ఎప్పుడూ నిద్రమొహాలతో ఉండేవాళ్ళు. మెట్లెక్కుతుంటే ఒక గుమ్మంలోంచి ఉడికిన క్యాబేజీ, ఇంకో గుమ్మంలోంచి ఇంగువ పోపు, కింది వాటాలోంచి చేపలూ పొగాకూ కలిసిన వాసన వచ్చేవి. ఆ చేపల గుమ్మం ముందు ఊపిరి బిగపట్టి పరిగెత్తేవాళ్ళం.

తాతయ్య పోయాక నాన్న వెళ్ళి నాయనమ్మని తీసుకొచ్చారు. తెల్ల చీరలు, చిన్న తోలు పెట్టె, ఇంత ఆవపిండి. వేసవి సెలవులు మొదలయ్యాయి. ఇంగ్లీషు ముక్క రాని ఆవిడ ఏం చేస్తుందోనని అమ్మ బెంగపడింది. నాయనమ్మ మాత్రం రోజూ పొద్దు వాలుతుండగానే మెట్లమీదికి వచ్చి, పిల్లలందర్నీ పోగేసి కథ మొదలెట్టేది. కథ చెప్పేటప్పుడు ఆవిడ కూర్చునేది కాదు. రాక్షసుడు వస్తే లేచి నిలబడేది, ఏడవాల్సొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. తెలుగు రాని పక్కింటి అమెరికా పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. నాకీపాటి తెలుగు వచ్చిందంటే ఆ మెట్ల పుణ్యమే.

ఎదురుగా బెంచీమీద కింది వాటా ముసలాయన కూర్చునేవాడు. పొడుగాటి మనిషి, వంగిన వీపు, ఎంత ఎండలోనూ ఊలు టోపీ. మాకు ఆయనంటే భయం. ఆయన బెల్లు కొట్టి పారిపోవడం మా సరదా. ఒకసారి నేను వేలు ఆనించకముందే తలుపు తెరుచుకుంది. అరచేతిలో చక్కెర బిళ్ళలు పెట్టుకుని నిలబడ్డాడు. తీసుకున్నాం కానీ బెల్లు కొట్టడం మానలేదు.

ఒక సాయంత్రం ఆయన మెట్లెక్కి పైకొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, అమ్మతో మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషు గొంతులో రాళ్ళు దొర్లినట్టుండేది. ఆ పెద్దావిడ ఏం చెబుతోంది అని అడిగాడు. పిల్లలకి కథలు అంది అమ్మ.

“నాకు ఒక్క మాట తెలియదు. కానీ ఊపిరి ఎక్కడ బిగపట్టాలో తెలుస్తోంది. ఇలా చెప్పేవాళ్ళని నేను మా అన్న తరవాత చూడలేదు,” అన్నాడు.

అమ్మ ఆయన్ని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అప్పుడు తెలిసింది ఆయన సినిమాలు తీసినవాడని. చేపలు పట్టే పల్లెలో పుట్టి, కుర్రతనంలోనే ఎవరి దగ్గరో కెమెరా సంపాదించి, చుట్టుపక్కల మనుషుల్నే నిలబెట్టి బొమ్మలు తీశాడట. ఆ బొమ్మల్లో రాతలుండేవి కావు, చదవడం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి. సంతల్లో డేరా వేసి ఆడించేటప్పుడు తెర పక్కన ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి, ఆ పల్లె మాటల్లోనే కథంతా చెప్పేవాడట. తెరమీద మనుషులందరికీ ఆ ఒక్కడిదే గొంతు. ఆ చెప్పేవాడు ఈయన అన్నగారే. ఆయన పోయాక ఆ బొమ్మల్ని కథగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

అది విని నాయనమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. “మా చిన్నప్పుడూ మూగబొమ్మలకి అలాగే ఒకడు చెప్పేవాడమ్మాయ్. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బీడీ. చెప్పు ఆయనకి,” అంది. అమ్మ చెప్పింది. ఆయన మొదటిసారి నవ్వడం చూశాను.

మిగతావన్నీ పోగా ఆయన దగ్గర మిగిలింది ఒక్క సినిమా, చిన్న ఫిల్ముమీదికి ఎక్కించుకున్న ప్రతి. రేకు డబ్బా మూత తీస్తే గుప్పుమని పుల్లటి వాసన. “మాగాయ చెడిపోయినట్టుంది,” అని నాయనమ్మ ముక్కు మూసుకుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము చచ్చిపోతున్నట్టేనని ఆయన చెప్పాడు. ఇంకొక్కసారి తిప్పితే తిరుగుతుంది, ఆ తరవాత చెప్పలేం. వేసవి అయిపోగానే మేనకోడలు వచ్చి ఆయన్ని ఎక్కడో దూరంగా వృద్ధాశ్రమంలో చేర్పించబోతోంది. ఈలోగా ఒక్కసారి, పదిమంది మధ్య, చెప్పేవాళ్ళతో ఆ బొమ్మ ఆడాలి. ఆయన కోరిందల్లా అదే. ఏ భాషలో చెప్పినా ఫరవాలేదన్నాడు.

ఫిల్ము ఒక్కసారే తిప్పాలి కాబట్టి నాయనమ్మకి ముందుగా చూపించడం కుదరలేదు. మా వంటింట్లో ఆయనే ఆడి చూపించాడు. మూకుడే పడవ. నీళ్ళచెంబు దీపస్తంభం. తువ్వాలు ఊపితే సముద్రం. ఆయన ఇంగ్లీషులో చెబితే అమ్మ తెలుగులో చెప్పేది, నాయనమ్మ అడ్డు ప్రశ్నలు వేసేది. ఆ పిల్లకి అత్తగారుందా, వెళ్ళేటప్పుడు ఏం వండిపెట్టింది, బుట్ట ఎందుకు తెచ్చుకుంది. అన్నిటికీ ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు. మధ్యలో యాపిల్ ఆవకాయ కలిపిన ముద్ద తిని కళ్ళనీళ్ళు కారుతుంటే కూడా ఆగలేదు. ఆయన ఎదురుగా లేనప్పుడు మేం చెంచాల్ని ఆ మూకుడు పడవ ఎక్కించి ముంచేవాళ్ళం. నాయనమ్మ చూసి, మా చేతుల్లో చెంచాలు లాక్కుంది. ఆటకి కూడా ముంచకండి అని తిట్టింది.

కథ ఇంతే. కొత్తగా పెళ్ళయిన పిల్ల. మొగుడు తోటివాళ్ళతో వేటకి వెళ్తాడు. ఆమె బుట్ట తీసుకుని రోజూ ఒడ్డుకొచ్చి నిలబడుతుంది. తుపాను వస్తుంది. అక్కడితో ఉన్న ఫిల్ము అయిపోతుంది. ఆఖరి రీలు పాడైపోయిందని ఆయన అన్నాడు. తెర తెల్లబడ్డాక మిగతాది నోటితోనే చెప్పాలి.

“మిగతాది ఏమిటిట?” అంది నాయనమ్మ.

అమ్మ అడిగింది. ఆయన మూకుడు తీసి తువ్వాలు కిందికి తోసేశాడు.

“అందరూ పోతారట అత్తయ్యా. పడవ మునిగిపోతుంది. ఈ పిల్ల నల్లగుడ్డ కప్పుకుంటుంది.”

“అందర్నీనా? ఒక్కణ్ణీ మిగల్చలేదూ?”

“కథ అంతేనట.”

నాయనమ్మ మూకుడు తీసుకుని కడిగి బోర్లించింది. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడ ఒప్పుకున్నట్టే అనుకుంది అమ్మ.

ఆస్పత్రిలో నర్సులకు పాఠాలు చూపించే ప్రొజెక్టర్ని నాన్న ఆదివారానికి అడిగి తెచ్చారు. బట్టలుతికే మిషన్లుండే కింది గదిలో ఏర్పాటు. తెరకి తెల్లగుడ్డ కావాల్సొచ్చింది. అందరిళ్ళలోనూ దుప్పట్లన్నీ పూలవే. చివరికి నాయనమ్మ తన ఉతికిన చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. మడత పెట్టి కుట్టి గోడకి బిగించారు. తెలుగువాళ్ళందరూ వచ్చారు. పులిహోర గిన్నె మిషన్‌మీద పెట్టారు. సబ్బుపొడి వాసన, పులిహోర వాసన, డబ్బాలోంచి ఆ పుల్లటి వాసన, ఇప్పటికీ వీటిలో ఏది తగిలినా నాకు మిగతా రెండూ వస్తాయి. ఆరిన బట్టలు తీసుకుపోదామని వచ్చిన ఒక అమెరికా ముసలావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

దీపం ఆర్పారు. ప్రొజెక్టర్ గరగరలాడింది. నాయనమ్మ చీరమీద సముద్రం వచ్చింది.

నేను చాలా సినిమాలు చూశాను. అలా ఇంకోటి చూడలేదు. నాయనమ్మ అన్నయ్యగారి చేతికర్ర పుచ్చుకుని తెర పక్కన నిలబడింది. మొదట మాటలకి కాస్త తడుముకుంది. వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు రాగానే సర్దుకుంది. నల్లగా తెల్లగా ఉన్న ఆ బొమ్మకి రంగులన్నీ తనే వేసింది. ఆ పిల్ల గౌను ఆకుపచ్చది, తలగుడ్డ పసుపుది, పడవకి కొత్త ఎర్రరంగు. తాడు లాగుతూ పెద్దగా నవ్వే మనిషి ఒకడున్నాడు. “వీడు ఊళ్ళో అందర్నీ ఏడిపిస్తాడర్రా, కానీ తుపాన్లో తెడ్డు వీడి చేతికే ఇస్తారు,” అంది. అప్పుడు వెనకనుంచి ఒక మూలుగులాంటిది వినబడింది. అన్నయ్యగారు టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వే మనిషే ఆయన అన్నగారని మాకప్పుడు తెలియదు.

తుపాను వచ్చింది. ఆ పిల్ల ఇసుకలో నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాళ్ళ దగ్గర ఖాళీ బుట్ట. ఫిల్ము కొస టపటప కొట్టుకుంది. తెర తెల్లబడింది. నాన్న దీపం వెయ్యబోతే నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

ప్రొజెక్టర్ వెలుగులో ఖాళీ చీర. దాని పక్కన ఇంకో తెల్ల చీరలో నాయనమ్మ. మగవాళ్ళలో కూడా కదిలినవాళ్ళు లేరు. ఆవిడ కర్రతో ఆ తెల్లటి గుడ్డమీద ఒక మూల చూపించింది.

“అదిగో, చుక్కలా కనబడుతోంది చూశారా? ఆ పిల్ల చూసింది. అందరూ పక్షి అనుకున్నారు. పక్షి కాదు.”

కర్ర మెల్లిగా జరుగుతూ వచ్చింది. తెరచాప చిరిగిపోయింది. ఒక తెడ్డు విరిగింది. నవ్వేవాడు మిగిలిన తెడ్డు పట్టుకున్నాడు. ఒడ్డున ఆడవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు. తాడు విసిరారు, పట్టుకున్నారు. ఒక్కొక్కణ్ణే దింపింది నాయనమ్మ, ప్రతివాడి ఒళ్ళూ కొంగుతో తుడిచినట్టు చెయ్యి ఆడిస్తూ. అందరికన్నా చివర దిగినవాడు ఆ పిల్ల మొగుడు. పడవ అడుగున మిగిలిన చేపలు తెచ్చి ఆ బుట్టలో పోశాడు. బుట్ట నిండింది. “వాళ్ళు చల్లగా ఉన్నారు. మనమూ చల్లగా ఉందాం. శుభం,” అని కర్ర కింద పెట్టింది.

పిల్లలం చప్పట్లు కొట్టాం. అమెరికా ముసలావిడ కూడా కొట్టింది, ఏం అర్థమైందో మరి. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకుంటున్నారు. అన్నయ్యగారు ఆ ముఖాలన్నీ ఒకటొకటే చూశాడు. ఆ కథ విన్నవాళ్ళు అలా నవ్వకూడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, అమ్మకి తెలుసు, నాయనమ్మకీ తెలుసు.

ఆయన అమ్మ దగ్గరకొచ్చి అడిగాడు. “చివర ఆవిడ ఏం చెప్పింది?”

అమ్మ ముఖం నాకిప్పటికీ గుర్తే. అత్తగారివైపు చూసింది. మీరు చెప్పమన్నట్టే చెప్పింది అంటే సరిపోయేది. ఆయనకు తెలుగు రాదు. ఇంకెవరూ నోరు విప్పరు. కానీ మా అమ్మకి అబద్ధం నోరు దాటి రాదు, అదొక జబ్బు ఆవిడకి.

“ఆవిడ వాళ్ళని చంపలేదండీ. ఇంటికి తీసుకొచ్చింది,” అంది.

ఆయన పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ దగ్గరికి వచ్చింది. కోప్పడతాడేమో, పడితే పడనీ అన్నట్టు నిలబడింది. “పైన తథాస్తు దేవతలుంటారు అన్నయ్యగారూ. ఉత్తినే అన్నా వింటారు. పసుపుకుంకుమలు పోగొట్టుకుని వచ్చినదాన్ని, ఇంకో పిల్లవి నా నోటితో తుడిచెయ్యలేను. నావల్ల కాదు. చెప్పమ్మాయ్,” అంది.

అమ్మ ఎలాగో తంటాలు పడి అదంతా ఇంగ్లీషులో పెట్టింది. ఆయన వింటూ వింటూ తల ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆఖరి రీలు పాడవలేదు. ఆయనే తీసేశాడు. అమెరికా వచ్చేటప్పుడు ఓడమీదనుంచి సముద్రంలో పారేశాడు. ఆ పడవలో ఉన్నవాళ్ళెవరూ నటులు కారు, ఆ పల్లె జాలర్లే. ముంచినట్టు తియ్యబోతే ఆయన తల్లి వద్దందట. ఆటకైనా ముంచకురా, వినేవాళ్ళుంటారు అందట. ఆయన నవ్వి తీశాడు. మరుసటి చలికాలంలో అదే పడవ, అదే మనుషులతో వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన అన్న కూడా అందులోనే ఉన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆయన ఎదురొస్తే పక్కకి తిరిగిపోయేవాళ్ళు. ముందు తెరమీద చంపాడు, తరవాత సముద్రం ఆ మాట నిజం చేసింది అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన కూడా అదే అనుకుంటూ బతికాడు. మరి మాకు ఆ ముగింపే ఎందుకు చెప్పమన్నాడో. దాచిపెడితే ఇంకో తప్పవుతుందనుకున్నాడేమో.

అమ్మ ఏడుస్తూనే అత్తగారికి చెప్పింది. తథాస్తు దేవతలు ఆ ఊళ్ళోనూ ఉన్నారన్న సంగతి నాయనమ్మకేమీ కొత్త కాదు. ఆయన అంతసేపూ తల ఊపింది ఎందుకో ఆవిడకి అందరికన్నా బాగా అర్థమైంది. ఆయన టోపీ కింద పడి ఉంటే వంగి తీసి, దులిపి, ఆయన ఒళ్ళో పెట్టింది.

“పిచ్చి అన్నయ్యా, సముద్రం సినిమాలు చూస్తుందా?”

జీవితమంతా తథాస్తు దేవతలకి జడిసి, మా చేత చెడ్డమాట పలకనివ్వని మనిషి ఆ మాట అంది. ఆయన కోసం అంది. అమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే ఆ పెద్దమనిషి నాయనమ్మ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పరాయి మగవాడు చెయ్యి పట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు మా నాయనమ్మ. ఆవేళ ఊరుకుంది. తరవాత అందరికీ పులిహోర పెట్టారు. ఆయన రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

వేసవి చివర మేనకోడలు కారు తెచ్చింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చింది, ఆ తరవాత రాలేదు. గోడమీదనుంచి తీసిన చీరని నాయనమ్మ కుట్లు విప్పి ఉతికి మళ్ళీ కట్టుకుంది. ఇప్పుడు ఆ మెట్లూ లేవు, ఆ గదీ లేదు. ఆ స్థలంలో పార్కింగ్ లాట్ ఉంది.

ఆదివారం అమ్మ పట్టుచీర కట్టుకుంది. ఎందుకమ్మా అంటే, పేరంటానికి ఎలా వెళ్ళాలో నువ్వు నాకు చెప్పకు అంది. లైబ్రరీ హాల్లో కుర్చీలు సగం ఖాళీ. ఒక కుర్రవాడు పియానో ముందు కూర్చున్నాడు. నేను అమ్మ చెవిలో చెబుతూ వచ్చాను. వలలు బాగుచేస్తున్నారమ్మా. నవ్వేవాడు తాడు లాగుతున్నాడు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. గొంతు తగ్గించాను కానీ మానలేదు.

ఖాళీ బుట్ట వచ్చింది. మేమిద్దరం అప్పుడు ఆగిపోయిన చోటు అది. ఈసారి తెర తెల్లబడలేదు.

అన్నయ్యగారు పారేసిందంతా నేను చూశాను. ఆయన గొప్పగా తీశాడు, అదే నా ప్రాణం తీసింది. పడవ నిలువునా లేచి తిరగబడింది. నవ్వేవాడి చెయ్యి ఒకటి నీళ్ళమీద కనబడి, ఇక కనబడలేదు. నల్లగుడ్డలు కప్పుకున్న ఆడవాళ్ళు ఇసుకలో మోకరిల్లారు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. “ఏమవుతోందే? పడవ వచ్చిందా?”

నేను ఫార్మసిస్టుగా పనిచేసిన మనిషిని. ఏ మందు ఏం చేస్తుందో మొహంమీదే చెప్పడం అలవాటు. పైగా ఈవిడ కూతుర్ని.

“వస్తోందమ్మా,” అన్నాను. “చుక్కలా కనబడుతోంది.”

“దగ్గరికి వచ్చిందా?”

“తాడు విసిరారు. పట్టుకున్నారు. ఒక్కొక్కళ్ళే దిగుతున్నారు.”

అమ్మ కాసేపు చెవి ఒగ్గి వింది. “పియానో వేరేగా చెబుతోందేమే?”

“ఆ అబ్బాయికి తెలుగు రాదమ్మా.”

అమ్మ నవ్వింది. నవ్వుతూనే నా మణికట్టు గట్టిగా నొక్కింది. చెంపలమీద నీళ్ళు తుడుచుకోలేదు. అప్పటికి తెర తెల్లబడింది, పియానో ఆగింది, దీపాలు ఇంకా వెయ్యలేదు.

“బుట్ట నిండిందా?” అని అడిగింది.

“నిండిందమ్మా,” అన్నాను.